కొహారు పిన్ని తప్పు

ఆ చలికాలంలో మా అత్తకి వాసన పోయింది, కొహారు పిన్నికి ఊట పోయింది, నాకు మంచి పేరు వచ్చింది. మొదటి రెండూ ఎలా పోయాయో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. మూడోది ఎలా వచ్చిందో నాకొక్కదానికే తెలుసు.

సపొరోలో మంచు ఆటలు జరిగిన ఏడాది అది. మా నుకుమిజావాలో పదకొండు ఇళ్ళు. మంచు పడ్డం మొదలవగానే మగవాళ్ళు టోక్యోకి కూలి పనులకి పోయేవాళ్ళు, మా ఆయన నోబుజితో సహా. ఇక ఊళ్ళో మిగిలేది ఆడవాళ్ళం, ముసలివాళ్ళు, నెత్తిమీద మంచు. తెల్లారి లేస్తే పార, పొద్దుగూకితే పార. ఆ బతుకులో సుఖమంటూ ఏదైనా ఉంటే అది ఊటే. కొండ పగుల్లోంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్ళని చెక్క తొట్టెలోకి మళ్ళించి, పైన కప్పు వేసి, మధ్యలో అడ్డుగోడ పెట్టి, అటు మగవాళ్ళకి, ఇటు ఆడవాళ్ళకి అని పంచిపెట్టారు మా పెద్దలు. మెడదాకా అందులో దిగితే పొద్దుటి నుంచి ఎత్తిపోసిన మంచంతా ఒంట్లోంచి దిగిపోయేది.

మా అత్త ఉమెనో, పక్కింటి కొహారు పిన్ని రోజూ దీపాలు పెట్టే వేళకి కలిసే వెళ్ళేవాళ్ళు. ఇద్దరూ ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. అప్పట్నుంచీ ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం, రుద్దుకుంటూ దెప్పుకోవడం.

"మెల్లిగా రుద్దవే వదినా, వీపనుకున్నావా, ముల్లంగి అనుకున్నావా?" అనేది పిన్ని.

"ముల్లంగికైనా ఇంతకంటే కండ ఉంటుంది. అసలు తింటున్నావా, కుంపటి దగ్గర కూచుని కునికిపాట్లు పడుతున్నావా?"

"నా వంతు కూడా నువ్వే తింటున్నావుగా, ఇంక నేనెందుకూ తినడం!"

అత్త నవ్వితే ఆ నవ్వు గోడ దాటి మగవాళ్ళ తొట్టెలోకి, అక్కణ్ణించి వీధిలోకి వినబడేది. నేను పక్కన కూచుని కాళ్ళు రుద్దుకుంటూ, నోబుజికి ఈ ముసలివాళ్ళ ముచ్చట్లు ఏవేవి చెప్పాలో మనసులో దాచుకునేదాన్ని.

మా ఊటతో ఒక చిక్కుంది. నీళ్ళతో పాటు చెడుగాలి కూడా వస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన. కాస్త ఉంటే ఏమీ కాదు, మాకు అలవాటే. ఎక్కువైతే మాత్రం మనిషి కూచున్నచోటే ఒరిగిపోతుంది. అది బరువైన గాలి, పైకి పోదు, నేలబారున పరుచుకుంటుంది. అందుకని ఆడవాళ్ళ వైపు ఉత్తరపు గోడకి అడుగున మోకాలెత్తు కంత ఒకటి పెట్టారు. ఆ కంత తెరిచి ఉన్నంతసేపూ భయం లేదు. కానీ కప్పు మీది మంచు జారి పడేది సరిగ్గా ఆ కంత ముందే. ఆ గోడ కట్టిన మహానుభావుడెవరో గాని, అతన్ని తిట్టుకోకుండా అక్కడ మంచు తవ్విన ఆడది మా ఊళ్ళో లేదు.

అందుకే వంతు. తాడు కట్టిన ఒక చెక్క ఇంటింటికీ తిరుగుతుంది. ఎవరి గుమ్మం గుంజకి అది వేలాడితే ఆ రోజు ఊట వాళ్ళ పూచీ. తొట్టె కడగాలి, కంత ముందు మంచు తవ్వాలి, ఆ తర్వాతే చెక్క తీసుకెళ్ళి పక్కింటి గుంజకి తగిలించాలి. చెక్క అందుకున్నవాళ్ళు దీపాలవేళకి ఒకసారి వెళ్ళి కంత చూసి రావాలి. ఇంతే. దీనికి సంతకాలూ సాక్ష్యాలూ ఉండవు. చెక్క ఎవరింటి దగ్గరుంటే మాట వాళ్ళది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం వంతు మాది. మూడు రోజులుగా మంచు తెరిపివ్వలేదు. అంతకుముందు రెండు ఆదివారాలూ తీగలు తెగిపోయి నోబుజి ఫోను రాలేదు. కింది వాడలో సంఘం దుకాణంలో ఒక్కటే ఫోను. ఆ ఆదివారం మూడున్నరకి చేస్తానని కబురు పంపాడు. నాకు పొద్దుట్నుంచీ పని మీద ధ్యాస లేదు. తొట్టె కడిగాను, బల్లలు తోమాను, పార పట్టుకుని ఉత్తరపు గోడ వైపు వెళ్ళాను. కప్పు మీది మంచంతా ఒక్కపెట్టున జారి నా గుండెలెత్తు పడి ఉంది. పారతో పొడిస్తే రాయిలా ఖంగుమంది. ముప్పావుగంట పని. అప్పటికే మూడు.

వచ్చాక తవ్వొచ్చులే అనుకున్నాను. ఫోను కాగానే పరుగున వచ్చేస్తే దీపాలవేళకి ముందే అయిపోతుంది కదా. చెక్క చేతిలోనే ఉంది, కొహారు పిన్ని ఇల్లు దారిలోనే ఉంది. మళ్ళీ దీనికోసం ఇంకోసారి తిరగడమెందుకని పోతూ పోతూ ఆవిడ గుంజకి తగిలించేశాను. లోపల్నుంచి దగ్గు వినబడింది. పిలిస్తే మాటల్లో పెడుతుంది, ఆలస్యమవుతుందని పిలవలేదు.

దుకాణం కిటకిటలాడుతోంది. ఆ రోజు స్కీల మీద దూకే పోటీలో మొదటి మూడు స్థానాలూ మనవాళ్ళే కొట్టారట, టీవీ ముందు ఊరికి ఊరే చేరిపోయింది. ఫోను మోగగానే నన్ను ముందుకి తోశారు.

"మిసావో, నువ్వేనా?"

"మరెవరనుకున్నారు?"

"గొంతు మారినట్టుంది. అమ్మ ఎలా ఉంది?"

"నోరైతే బ్రహ్మాండంగా ఉంది. లోపలి చొక్కా వేసుకుంటున్నావా లేదా అని అడగమంది."

"వేసుకుంటున్నానని చెప్పు. నువ్వెలా ఉన్నావ్?"

చుట్టూ పదిమంది చెవులు రిక్కించుకుని ఉంటే ఏం చెప్తాను. "బాగానే ఉన్నాను," అన్నాను. మూడు నిమిషాలకి తెగిపోయింది. అయినా ఆ మూడు నిమిషాలకే నాకు ఒళ్ళంతా వెచ్చబడింది.

అప్పుడే లేచి వచ్చెయ్యాల్సింది. "ఉండవే మిసావో, మళ్ళీ చూపిస్తున్నారు, ఆ కుర్రాడు గాల్లో ఎలా పడుకున్నాడో చూద్దువుగాని," అని ఎవరో చెయ్యి పట్టుకు లాగారు. కాల్చిన చిలగడదుంప ఒకటి చేతిలో పెట్టారు. కూచున్నాను. ఒకసారి చూశాను, ఇంకోసారి చూశాను. అందరితో పాటు చప్పట్లు కొట్టాను. కంత సంగతి గుర్తులేక కాదు. గుర్తుంది. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ కూచున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

పైకి వచ్చేసరికి ఊట ముందు లాంతర్లున్నాయి. మంచులో కట్టెలు లాక్కొచ్చే బండి మీద, గడ్డి పరిచి, మా అత్తని పడుకోబెట్టారు. పైన రెండు బొంతలు. పిన్ని రాకపోయేసరికి ఆ పూట ఒక్కతే దిగిందట. మొహం బూడిదరంగులో ఉంది. ఊరిపెద్ద గెంపచి గారు పక్కన మోకాళ్ళ మీద కూలబడి రొప్పుతున్నాడు.

"గోడకి ఇవతల నేను బట్టలిప్పుతున్నా," అంటున్నాడు ఆయన, చెప్పిందే చెబుతూ. "అవతల చెప్పులున్నాయి, చప్పుడు లేదు. ఉమెనో లోపలుండి చప్పుడు లేకపోవడమేంటి? అదేంటి? ఊపిరి బిగబట్టి తలుపు తోశాను. తొట్టె అంచున తల వాల్చి ఉంది. ఇంకొక్క పిసరు జారుంటే నీళ్ళలోనే."

అత్త బతికింది. మంచుబండి మీద కింది ఊరి నుంచి వచ్చిన డాక్టరు బతుకుతుందనే చెప్పాడు. నడక మాత్రం సరిగ్గా రాదన్నాడు.

మర్నాడు మా ఇంట్లో పొయ్యి చుట్టూ ఊరివాళ్ళు కూచున్నారు. అత్త పక్కగదిలో మూలుగుతోంది. కొహారు పిన్ని జ్వరంతో ఎర్రబడ్డ కళ్ళతో, దుప్పటి కప్పుకుని, అందరికంటే వెనక కూచుంది.

"కంత నిండా మంచు. నేనే చూశాను," అన్నాడు గెంపచి గారు. "చెక్క ఎవరింటి దగ్గరుంది?"

"మా గుంజకే ఉందయ్యా," అంది పిన్ని. "కానీ నేను చూళ్ళేదు. మధ్యాహ్నం నుంచి ఒళ్ళు తెలీకుండా పడుకున్నా. ఎవరూ పిలిచినట్టు లేదు."

ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, తగిలించే ముందు నువ్వు తవ్వావా?"

"తవ్వాను," అన్నాను.

అంతే. ఎవరూ మళ్ళీ అడగలేదు. నా మాట నమ్మకపోవడానికి ఎవరికీ కారణం లేదు. పక్కగదిలో మూలుగుతున్నది మా అత్తే కదా. "అయితే తర్వాత మళ్ళీ జారుంటుంది," అన్నాడు ఆయన. "దీపాలవేళకి ఒక్కసారి చూసుంటే సరిపోయేది, కొహారూ." పిన్ని తల దించుకుంది. నేను లేచి అందరికీ టీ పోశాను, ఒక్క చుక్క ఒలక్కుండా.

అత్త లేచి కూచోడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ రోజు గంజిలోకి పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ ముక్కలు రెండు వేసిచ్చాను. ఆ ఊరగాయకి మా అత్త పెట్టింది పేరు. ఏ రోజు మూత తియ్యాలో ముక్కుతోనే చెప్పేది. నేను కాపరానికొచ్చి తొమ్మిదేళ్ళయినా, తవుడులో ముల్లంగి ఊరే ఆ తొట్టి దగ్గరికి నన్ను రానిచ్చేది కాదు.

"ఇదేంటే, వాసన లేదు? నీళ్ళలో కడిగి చచ్చావా?"

"లేదత్తయ్యా."

గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళింది. మూత తీసి తవుడులో చెయ్యి ముంచి పీల్చింది. మళ్ళీ ముంచి మళ్ళీ పీల్చింది. తవుడంతా మూతికి అంటుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. చెయ్యి కడుక్కుని, తొట్టి మూత నా చేతికిచ్చి, "ఇంక నువ్వే చూసుకో," అని వచ్చి పడుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏది ఎప్పుడు వండాలో, ఏది పారెయ్యాలో నేనే చెప్పేదాన్ని. అత్త నన్ను తిట్టడం కూడా మానేసింది. తిట్లన్నీ పక్కింటికి పోయాయి.

"నలభై ఏళ్ళు దాని వీపు రుద్దాను. ఒక్క పూట పార పట్టుకోడానికి దానికి చేతులు రాలేదు."

"జ్వరంతో ఉందిగా అత్తయ్యా."

"నాకు రాలేదా జ్వరం ఎప్పుడూ? దాన్ని వెనకేసుకు రాకు. కనీసం తప్పయిపోయిందే వదినా అని ఒక్క మాట అందా? 'చూళ్ళేదయ్యా' అట! తేలిగ్గా పోయింది దానికి."

మూడు రోజులకొకసారి కొహారు పిన్ని ఏదో ఒకటి వండి మా గుమ్మంలో పెట్టి పోయేది. చక్కెరలో ఉడికించిన నల్ల గింజలో, బియ్యప్పిండి ఉండలో. అత్త ముట్టేది కాదు. తిరిగి ఇచ్చి రమ్మనేది. మోసుకెళ్ళేది నేను.

"తినలేదా?" అని అడిగింది పిన్ని ఒక రోజు, గిన్నె మూత తీసి చూసి.

"ఇంకా నోరు బాగా లేదు పిన్నీ."

"నాకు తెలుసులే. నువ్వెందుకమ్మా మొహం దాచుకుంటావ్? ఇందులో నీ తప్పేముంది?" గిన్నె పక్కన పెట్టి నా చేతుల్ని కుంపటి మీద వెచ్చబెట్టింది. "ఆ రోజు సంగతి ఎంత ఆలోచించినా తెగట్లేదు మిసావో. పడుకున్నానంటున్నాను గాని, మధ్యలో లేచానేమో. లేచి తలుపు తీసినట్టే ఉంది. తీసే ఉంటాను. తియ్యకుండా ఎలా ఉంటాను?"

అప్పుడు చెప్పొచ్చు. గదిలో ఇద్దరమే ఉన్నాం. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం "ఆరోగ్యం జాగ్రత్త పిన్నీ" అని.

గెంపచి గారు పిన్ని ఇంటిని వంతులోంచి తీసేశాడు, వసంతంలో ఊరంతా కూచుని తేల్చేదాకా. కోపంతో కాదు, "వయసైపోయింది, ఇక నువ్వు చెయ్యలేవు," అనే చెప్పాడు. కానీ మా ఊళ్ళో వంతు లేని ఇంటికి ఊటలో హక్కు లేదు. అలాంటివాళ్ళు వచ్చిపోయే చుట్టాల్లాగా మధ్యాహ్నం పూట, గెంపచి గారి సత్రంలో దిగిన పైఊరివాళ్ళతో పాటు స్నానం చెయ్యాలి. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున ఏడాది జాబితా రాస్తారు. అందులో పేరు లేకపోతే ఆ ఇంటిది అంతటితో సరి. ఎవరి ఇల్లయినా అలా పోయిందని నేను వినలేదు.

మార్చి మొదట్లో ఒక రోజు వంతు మాది. మధ్యాహ్నం బల్లలు తోముదామని వెళితే తొట్టెలో సెందాయ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళిద్దరు ఉన్నారు. వాళ్ళ పక్కన, మూలకి ఒదిగి, కొహారు పిన్ని.

"అబ్బబ్బ, ఈ మంచులో ఈ నీళ్ళేంటండీ, స్వర్గమే!" అంటోంది ఒకావిడ. "మీది ఏ ఊరు బామ్మగారూ?"

పిన్ని నన్ను చూసింది. చూసి, వాళ్ళ వైపు తిరిగింది. "ఇక్కడికి దగ్గరేనమ్మా. ఊట చూసిపోదామని వచ్చాను."

"మొదటిసారా?"

"ఆఁ, మొదటిసారే."

"వీపు రుద్దమంటారా?"

"వద్దులే తల్లీ. పాత వీపు, దానికి కొత్త చేతులు పడవు," అని నవ్వింది. వాళ్ళూ నవ్వారు. లేచి ఒళ్ళు తుడుచుకుని, బట్టలు కట్టుకుని, పోతూ పోతూ నా ముందు ఆగింది. వచ్చినవాళ్ళు వంతు ఇంటివాళ్ళకి ఎలా నడుం వంచి దణ్ణం పెడతారో అలా పెట్టింది. "మీ ఊట చాలా బావుందమ్మా," అంది. ఎగతాళిగా అని ఉంటే బతికిపోయేదాన్ని. మామూలుగానే అంది.

చెప్పెయ్యాలి అనుకున్నాను. అనుకోవడానికి ఆ ఒక్క క్షణం చాలింది, చెప్పడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. మూడుసార్లు అత్త పక్కన కూచుని గొంతు సవరించుకున్నాను. మూడుసార్లూ "ఏంటే?" అని అడిగింది. మూడుసార్లూ ఉప్పు సరిపోయిందా అని అడిగి లేచి వచ్చాను. నాకు భయం. అత్త వెళ్ళగొడుతుందని, నోబుజి మొహం చూడడని, పిల్లలు లేని కోడలికి ఆ ఇంట్లో నిలబడ్డానికి ఇంకేముందని భయం.

జాబితా రాసే రోజు ఊట ముందుగదిలో అందరూ చేరారు. అత్త కర్ర పట్టుకుని వచ్చి నా పక్కన కూచుంది. కొహారు పిన్ని తీపి ఉండలు చేసి తెచ్చింది, గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోటే కూచుంది. ఆ ఉండల వైపు ఎవరూ చెయ్యి చాపలేదు. గెంపచి గారు పది ఇళ్ళ పేర్లు చదివాడు.

"ఇంతేనా? ఎవరైనా చెప్పేదుందా?"

"ఉంది," అన్నాను. లేచి నిలబడ్డాను. "ఆ రోజు నేను కంత తవ్వలేదు. తవ్వానని అబద్ధం చెప్పాను. ఫోను కోసం చెక్క ముందే తగిలించి దుకాణానికి పోయాను. పిన్నిని పిలవను కూడా లేదు. తప్పు నాది. ఆవిడది కాదు."

రెండు వారాలు నేర్చుకున్న మాటలు, తడబడకుండా వచ్చాయి. కెటిల్ మూత టకటకమంటోంది. అత్త నా వైపు చూడలేదు, తన చేతుల వైపే చూసుకుంటోంది. ఇప్పుడు కొడుతుంది, ఇప్పుడు లేచి వెళ్ళిపోతుంది అనుకుంటూ నిలబడ్డాను.

"అబద్ధం," అని వినిపించింది గుమ్మం దగ్గర్నుంచి.

కొహారు పిన్ని మోకాళ్ళ మీద ముందుకొచ్చింది. "ఆ పిల్ల మాట నమ్మకండి. నాకోసం చెబుతోంది. నేను మళ్ళీ ఆ మధ్యాహ్నం పూట స్నానాలకి పోవాల్సొస్తుందని దాని మనసు ఆగక చెబుతోంది. నాకు గుర్తుంది. ముందు గుర్తురాలేదు, ఇప్పుడు బాగా గుర్తుంది. లేచాను. తలుపు తీశాను. చెక్క చూశాను. పార కూడా తీసుకున్నాను. రెండడుగులు వేశాక ఒళ్ళు తూలింది. పోనీలే, ఒక్క పూటే కదా అనుకుని మళ్ళీ లోపలికి పోయి పడుకున్నాను. అంతా నా బద్ధకం." మా అత్త ముందు నేలకి నుదురానించింది. "తప్పయిపోయింది వదినా. మొదటిరోజే చెప్పాల్సింది. చూళ్ళేదన్నాను. సిగ్గేసి అలా అన్నాను. నీ ముక్కు నేనే తీసేశాను. నన్ను క్షమించు."

"కాదు పిన్నీ!" అన్నాను. నా గొంతు కీచుమంది. "మీరు లేవలేదు. మీరు చూళ్ళేదు. నిజం నేను చెబుతున్నాను, వినండి!"

"చాల్లే అమ్మాయ్," అన్నాడు గెంపచి గారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. "నీ మంచితనం తెలిసింది. కూచో."

అత్త అప్పుడు కదిలింది. కర్ర పక్కన పెట్టి, వంగలేక వంగి, పిన్ని భుజం మీద చెయ్యి వేసింది. "ఇన్నాళ్ళకి నోరు పెగిలిందా నీకు? ఈ ఒక్క మాట కోసం చలికాలమంతా చూశానే, మొద్దుదానా." పిన్ని వెక్కి వెక్కి ఏడుస్తోంది. అత్త ఆవిడ వీపు నిమురుతూనే ఉంది. "లే. లేచి ముక్కు తుడుచుకో. నీకైనా ఉంది కదా, దాన్ని సరిగ్గా వాడుకో."

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. గెంపచి గారు జాబితాలో పదకొండో పేరు రాశాడు. ఎవరో ఉండల పళ్ళెం నడిమికి జరిపారు. అందరూ తిన్నారు. తింటూ ఒక్కొక్కళ్ళూ నా చెయ్యి పట్టుకుని ఏదో ఒక మంచి మాట అన్నారు. వాళ్ళ కోడళ్ళకి నా పేరు చెప్పి బుద్ధి చెప్పినవాళ్ళున్నారు తర్వాత. ఇంటికి పోయే దారిలో అత్త నా భుజం మీద బరువు వేసి నడుస్తూ, "ఇంకొకరి తప్పు నెత్తినేసుకోకే పిచ్చిదానా. కానీ నీ గుండె పెద్దది. నోబుజికి రాయిస్తాను," అంది.

నేను ఇంకోసారి చెప్పొచ్చు. దుకాణంలో టీవీ ముందు నన్ను చూసినవాళ్ళు పదిమంది ఉన్నారు, అడిగితే చెప్పేవాళ్ళు. అడగమని నేను అనలేదు. ఇద్దరు ముసలివాళ్ళూ కలిశారు, ఇప్పుడు మళ్ళీ విడగొట్టడమెందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజమే. కానీ అంతకంటే ముందు, ఆ గదిలో, ఎవరూ నన్ను నమ్మడం లేదని తెలిసిన క్షణాన, నాకు హాయిగా అనిపించింది. ఇది చెప్పకపోతే మిగిలినదంతా చెప్పి లాభం లేదు.

నోబుజి ఏప్రిల్లో వచ్చాడు. తల్లి ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చాడు. నన్ను ఎప్పుడూ లేనంత మర్యాదగా చూశాడు. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాడు.

కొహారు పిన్ని ఆ తర్వాత తొమ్మిది చలికాలాలు బతికింది. దీపాలవేళకి మా అత్తతో కలిసి మళ్ళీ ఊటకి వెళ్ళేది, మళ్ళీ ఇద్దరూ దెప్పుకునేవాళ్ళు. కానీ అంతకుముందే, చెక్క ఎవరింటి దగ్గరున్నా సరే, పార భుజాన వేసుకుని ఉత్తరపు గోడ వైపు వెళ్ళేది. అప్పటికే ఎవరో తవ్వి ఉన్నా ఇంకాస్త లోతుగా తవ్వేది. జ్వరమొచ్చినా మానలేదు. చేతులు పగిలి నెత్తురొస్తే గుడ్డలు చుట్టుకుని తవ్వేది. ఊరివాళ్ళు వద్దని చెప్పి చెప్పి ఊరుకున్నారు.

మా వంటింటి కిటికీలోంచి ఆ గోడ కనిపిస్తుంది. చూస్తూ ఉండలేక నేను కూడా పార తీసుకుని వెళ్ళేదాన్ని. ఆవిడ నడుం నిటారు చేసి, నా చేతిలో పార అందుకుని పక్కన ఆనించేది.

"నీకెందుకమ్మా ఈ చాకిరీ? తప్పు చేసినదాన్ని నేనున్నానుగా. చలి, నువ్వు లోపలికి పో."

నేను వెళ్ళిపోయేదాన్ని.